బెజవాడ రాత్రులూ కెమెలియా మొగ్గలూ

విజయవాడ, గుంటూరు ప్రాంతాల్లో పెరటి మొక్కల మీద మక్కువ ఉన్నవారి దగ్గర కెమెలియా సంగతి కదిపితే రెండు పొంతన లేని జవాబులు వినిపిస్తాయి. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే మన ఎండలకు ఆ చలిదేశపు మొక్క నెల రోజులు కూడా నిలవదని కొందరు తేల్చి చెబుతారు. తమ ఇంట్లో సంక్రాంతికి అరచేతి వెడల్పు పూలు పూసిందని, శ్రద్ధ ఉంటే ఏ మొక్కైనా వస్తుందని మరికొందరు అంటారు. ఇరువురూ నిజమే చెబుతూ ఉండవచ్చు. చిక్కంతా ప్రశ్నలోనే ఉంది. మొక్క బతకడం, చిగుళ్లు వేసి పెరగడం, మొగ్గ తొడగడం, ఆ మొగ్గ విచ్చుకోవడం అనేవి నాలుగు వేరువేరు సంగతులు. ఒక్కొక్కదానికి కావలసిన పరిస్థితులు ఒక్కో రకంగా ఉంటాయి. ఈ నాలుగింటినీ కలిపి "కెమెలియా మన దగ్గర వస్తుందా?" అని ఒకే మాటలో అడుగుతున్నందువల్లనే జవాబులు ఒకదానికొకటి పొసగడం లేదు.

నిజానికి కెమెలియా మనకు పరాయి మొక్క కాదు. ఉదయం లేవగానే మనం తాగే టీ ఆ జాతి ఆకుల కషాయమే. తేయాకు మొక్క శాస్త్రీయ నామం కెమెలియా సినెన్సిస్. పూల కోసం పెంచే కెమెలియా జపోనికా, కెమెలియా ససాంక్వా దాని దగ్గరి బంధువులు. ఫిలిప్పీన్స్‌లో మొక్కలను అధ్యయనం చేసిన మొరేవియా దేశపు జెస్యూట్ క్రైస్తవ సంఘ సభ్యుడు గియోర్గ్ యోసెఫ్ కామెల్ పేరు మీద స్వీడన్ వృక్షశాస్త్రజ్ఞుడు లినేయస్ ఈ ప్రజాతికి, అంటే దగ్గరి జాతుల గుంపుకు, కెమెలియా అన్న పేరు పెట్టాడు. 1753లో ఆయన తేయాకును వేరే ప్రజాతిగా లెక్కించాడు. తరువాత రెండూ ఒకే గూటికి చేరాయి. కెమెలియా సినెన్సిస్ అన్న పేరు ఖాయం చేసింది 1887లో జర్మన్ వృక్షశాస్త్రజ్ఞుడు ఒట్టో కూంట్‌జె. ఈ చుట్టరికాన్ని గుర్తు పెట్టుకోవాలి, ఎందుకంటే పూల కెమెలియా ఇష్టాయిష్టాల్లో చాలా వరకు తేయాకు తోటను చూసి ఊహించవచ్చు. పుల్లటి నేల, నీరు నిలవని వాలు, తరచుగా పడే వాన, చెట్ల నీడ: తేయాకు ఎక్కడ పండుతుందో అక్కడ ఇవన్నీ ఉంటాయి. ఒక్క విషయంలో మాత్రం ఈ బంధువుల దారులు విడిపోతాయి. అసలు కథ అక్కడే ఉంది కనుక దానిని కాసేపు ఆగి చూద్దాం.

ముందు ఎండ మీద పడిన నింద ఎంతవరకు న్యాయమో చూడాలి. అమెరికాలోని అలబామా రాష్ట్రానికి 1959 నుంచి కెమెలియా అధికారిక పుష్పం. అక్కడి వేసవి వేడిగా, ఉక్కపోతగా ఉంటుంది. 35 డిగ్రీలు దాటడం విశేషమేమీ కాదు. కాలిఫోర్నియాలోని శాక్రమెంటోకు "కెమెలియా నగరం" అనే ముద్దుపేరు ఉంది. ఆ ఊళ్లో వేసవి పగళ్లు 40 డిగ్రీలను తాకిన సందర్భాలు ఏటా ఉంటాయి, గాలి కూడా పొడిగానే వీస్తుంది. ఆ ఊళ్లలో పాత ఇళ్ల ముందు కెమెలియాలు చిన్న చెట్లంత ఎత్తు పెరిగి ఉంటాయి. కాబట్టి పగటి వేడి మొక్కను బాధిస్తుందన్నది నిజమే గానీ, అదొక్కటే దానిని చంపుతుందన్నది నిజం కాదు. శాక్రమెంటోకూ బెజవాడకూ మధ్య అసలు తేడా సూర్యుడు అస్తమించాక బయటపడుతుంది. అక్కడ వేసవి రాత్రి 15 డిగ్రీల దరిదాపులకు దిగిపోతుంది. మన దగ్గర మే నెలలో అర్ధరాత్రి దాటినా 28 డిగ్రీలకు దిగడం కష్టం. కొండల మధ్య కాంక్రీటు ఇళ్లు చేరిన బెజవాడలోనైతే గోడలు తెల్లవారేదాకా వేడి కక్కుతూనే ఉంటాయి. ఇక చలికాలంలో వారి రాత్రులు 4, 5 డిగ్రీలకు చేరుతాయి. మన జనవరి రాత్రుల సగటు 18 డిగ్రీల అటూ ఇటూ. భోగిమంట చుట్టూ మనం ముడుచుకు కూర్చునే ఆ చలి కెమెలియా లెక్కలో వసంతకాలపు సాయంత్రం.

ఇందులో మొదట చలికాలపు రాత్రి సంగతి. జపోనికా జాతి కెమెలియా వసంతంలో చిగురు వేసి, ఆ చిగురు ముదిరాక, వేసవిలో దాని కొసలలో పూమొగ్గ కడుతుంది. మొగ్గ కట్టడానికి వెచ్చదనమూ పొడుగాటి పగళ్లూ కావాలి. ఆ రెండింటికీ మన దగ్గర కొదవ లేదు. అందుకే ఇక్కడ కూడా మొక్కకు మొగ్గలు వస్తాయి, యజమానికి ఆశ పుడుతుంది. అయితే బఠాణీ గింజంత అయ్యాక ఆ మొగ్గ ఒకరకమైన నిద్రలోకి జారుకుంటుంది. దానిని మేల్కొలిపేది చలి. కొన్ని వారాల పాటు 10 డిగ్రీల దరిదాపు చల్లదనం తగిలితేగాని మొగ్గ లోపలి రేకులు పెరగవు, సక్రమంగా విచ్చుకోవు. చలి చాలకపోతే మొగ్గ పై పొలుసులు గోధుమరంగుకు తిరిగి ముట్టుకుంటే రాలిపోతాయి; లేదా సగం విచ్చి, నడుమ రేకులు ముద్దగా బిగుసుకుని అక్కడితో ఆగిపోతాయి. దీనిని చాలామంది నీరు తక్కువైందనో, ఎరువు చాలలేదనో, పురుగు పట్టిందనో అనుకుని మందులు కొడతారు. లోపం మందులో లేదు, పంచాంగంలో ఉంది.

ఇప్పుడు ఆ రెండు పొంతన లేని జవాబుల రహస్యం విడిపోతుంది. డిసెంబరులో ఏ కొండ ఊరి నర్సరీ నుంచో బలిసిన మొగ్గలతో కెమెలియా కొనితెచ్చుకున్నవారికి ఆ మొగ్గలు జనవరిలో చక్కగా పూస్తాయి. ఎందుకంటే వాటికి కావలసిన చలి కొండ మీదనే అందిపోయింది. బెజవాడ చేసిందల్లా తయారైన మొగ్గను తెరవడమే. నేనూ ఒకసారి ఇలాగే మోసపోయాను. మోసం చేసినవారెవరూ లేరు, నా లెక్కే తప్పు. మొదటి ఏడు మూడు పూలు పూసిన మొక్కను చూసి, అది మా డాబాకు అలవాటు పడిపోయిందని చుట్టుపక్కల అందరికీ చెప్పుకున్నాను. మరుసటి ఏడు పదకొండు మొగ్గలు వచ్చాయి. ధనుర్మాసమంతా వాటిని రోజూ లెక్కపెట్టాను. రథసప్తమి నాటికి లెక్కపెట్టడానికి ఒక్కటీ మిగలలేదు. "మా ఇంట్లో పూసింది" అని చెప్పేవారిని ఇకమీదట ఒక్క ప్రశ్న అడగాలి: రెండో ఏడు కూడా పూసిందా?

మయామీ వైపు చూస్తే ఈ విషయం మరింత తేటపడుతుంది. ఫ్లోరిడా రాష్ట్రంలో ఉత్తరాన, మధ్య భాగంలో కెమెలియా బాగా పెరుగుతుంది; దక్షిణ కొనకు పోయేకొద్దీ దాన్ని పెంచమని సలహా ఇచ్చేవారు ఉండరు. అక్కడ శీతకాలపు రాత్రి మనకన్నా కొంచెమే చల్లన, పైగా నేల సున్నపురాయి మీద ఏర్పడింది. అంటే వెచ్చని రాత్రి ఒకటి, సున్నం ఎక్కువైన నేల మరొకటి. మనకు ఉన్న రెండు అడ్డంకులూ సరిగ్గా ఇవే. మొదటిదాన్ని మనం మార్చలేము. ఏసీ గదిలో పెడితే సరిపోతుందేమోనని అడిగేవారున్నారు. ఇంటి ఏసీ 16 డిగ్రీలకన్నా దిగదు, మూసిన గదిలో మొక్కకు వెలుతురు చాలదు, వారాల తరబడి రాత్రింబవళ్లు నడిపిన ఏసీ కరెంటు బిల్లుకు పూలకొట్టులో ఎన్ని మూరల కనకాంబరాలు వస్తాయో లెక్క వేసుకోవచ్చు. రెండో అడ్డంకి అలాంటిది కాదు. అది మన చేతిలో ఉన్నది. అయినా ఎక్కువ మొక్కలు చచ్చేది దానివల్లనే, ఆ పాపం మాత్రం ఎండ ఖాతాలోకి పోతోంది.

గుంటూరు చుట్టుపక్కల నల్లరేగడి పత్తికి, మిరపకు పెట్టింది పేరు. ఆ నేల ఉదజని సూచిక, అంటే మనం వాడుకలో పి.హెచ్. అనే కొలత (అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ), సాధారణంగా ఏడున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా ఉంటుంది. కెమెలియాకు కావలసింది 5.5 నుంచి 6.5. చూడడానికి రెండంకెల తేడాయే గానీ ఈ కొలతలో ఒక్కో అంకె పది రెట్లకు సమానం. ఎనిమిదికీ ఆరుకూ మధ్య ఆమ్లత్వంలో నూరు రెట్ల తేడా. ఇనుము విషయంలో లెక్క ఇంకా కఠినం. ఉదజని సూచిక ఒక అంకె పెరిగినప్పుడు నేలలో కరిగే ఇనుము సుమారు వెయ్యో వంతుకు పడిపోతుంది. నల్లరేగడిలో ఇనుము లేక కాదు, పుష్కలంగా ఉంది. తాళం పడి ఉంది. ఇనుము అందని మొక్కలో పచ్చదనం తయారు కాదు. కొత్త ఆకు ఈనెలు మాత్రం పచ్చగా ఉండి, మధ్య భాగమంతా పసుపుగా, చివరికి తెల్లగా పాలిపోతుంది. అలా పాలిపోయిన ఆకు మామూలు ఎండను కూడా తట్టుకోలేక అంచుల వెంట మాడుతుంది. మాడిన ఆకును చూసి మనం ఎండ కాల్చేసిందంటాము. ఎండ చేసింది చివరి దెబ్బ మాత్రమే. అంతకు నాలుగు నెలల ముందే వేళ్ల దగ్గర ఆకలి మొదలైంది.

ఇంట్లో కెమెలియా పెట్టవచ్చా అన్నది తెలుసుకోవడానికి మన దగ్గర ఖర్చులేని పరీక్ష ఒకటి ఉంది. వీధిలో నూరువరహాల మొక్కను చూడండి. దానికీ పుల్లటి నేలే ఇష్టం. ఎండను, వెచ్చని రాత్రిని మాత్రం హాయిగా భరిస్తుంది. కొత్త ఇళ్ల ప్రహరీల పక్కన, సిమెంటు సున్నం రాలిన మట్టిలో నాటిన నూరువరహాలు పచ్చటి ఈనెలతో, పసుపు ఆకులతో కనిపించడం మన ఊళ్లలో సర్వసాధారణం. మీ పెరటిలో నూరువరహాలు అలా ఉంటే, అదే మట్టిలో, అదే నీటితో కెమెలియా ఏడాది నిలవదు. మరో పరీక్ష: పిడికెడు ఎండుమట్టి మీద కొద్దిగా వెనిగర్ పోస్తే బుసబుసమని నురగ వచ్చిందంటే అందులో సున్నం విడిగా ఉన్నట్టు.

సున్నం ఉన్న నేలను పుల్లగా మార్చవచ్చు కదా అనే ఆలోచన మన ప్రాంతంలో సహజం, ఎందుకంటే బూడిద తెగులుకు గంధకం చల్లిన అనుభవం ఇక్కడి ప్రతి మిరప రైతుకూ ఉంది. నేలలో వేసిన గంధకాన్ని సూక్ష్మజీవులు గంధకామ్లంగా మారుస్తాయి, ఆ ఆమ్లం నేలను పుల్లబరుస్తుంది. ఇది నిజమే. కానీ ఆమ్లం ముందుగా అక్కడి సున్నాన్ని కరిగించి తీరాలి, ఆ తరువాతే ఉదజని సూచిక దిగుతుంది. ఒక కిలో గంధకం నుంచి వచ్చే ఆమ్లం మూడు కిలోల పైచిలుకు సున్నాన్ని కరిగిస్తుంది. ఇప్పుడు గజం కన్నా కొంచెం పెద్దదైన, మీటరు పొడవు, వెడల్పు, లోతు ఉన్న గొయ్యి లెక్క వేయండి. అందులో మట్టి సుమారు 1300 కిలోలు. నూటికి ఐదు వంతులు సున్నం ఉంటే 65 కిలోలు. దానిని కరిగించడానికే 20 కిలోలకు పైగా గంధకం కావాలి, అదీ నెలల మీద పని చేస్తుంది. ఈలోగా చుట్టూ ఉన్న నల్లరేగడి నుంచి, పోసే నీటి నుంచి కొత్త సున్నం చేరుతూనే ఉంటుంది. సముద్రాన్ని చెంబుతో తోడినట్టు ఉంటుంది ఆ పని. పైగా నల్లరేగడి తడిస్తే ఉబ్బి గాలి ఆడనివ్వదు. కెమెలియా వేళ్లు పైపైన, సన్నగా, జుట్టులా అల్లుకునేవి, నాలుగు రోజులు నీరు నిలిస్తే కుళ్లుతాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో ఎన్ని పెరళ్లు రోజుల తరబడి నీట నానాయో మనం చూశాము. అందువల్ల నా అభిప్రాయంలో ఈ రెండు ఊళ్లలో కెమెలియాను నేలలో నాటడం గురించి ఆలోచించనే కూడదు. అది కుండీ మొక్క.

కుండీలోనైతే మట్టి మన ఇష్టం. నేను వాడేది సగం కొబ్బరిపొట్టు, పావు వంతు బాగా చివికిన ఆకు ఎరువు, మిగతా పావు పెళుసు ఇటుక ముక్కలు, ముతక ఇసుక. కొబ్బరిపొట్టు ఉదజని సూచిక ఆరుకు అటూ ఇటూ ఉంటుంది గానీ అందులో ఉప్పు ఉంటుంది. బకెట్టులో నానబెట్టి రెండు మూడుసార్లు పిండి పారబోయనిదే వాడకూడదు. ఇసుకలో గవ్వల ముక్కలు ఉంటే అది సున్నమే; సముద్రతీరపు ఇసుక పనికిరాదు. మన ఇళ్లలో మొక్కలకు ప్రేమగా వేసే కొన్ని వస్తువులు ఈ మొక్కకు విషంతో సమానం: గుడ్డు పెంకులు, పొయ్యి బూడిద, ఊక కాల్చిన బూడిద, సున్నపు తేట. కాచి వడగట్టిన టీపొడి వేస్తే మట్టి పుల్లబడుతుందన్న నమ్మకం కూడా వట్టిదే. పులుపు చాలావరకు మనం తాగేసిన టీలోకే పోయింది. మిగిలింది మామూలు సేంద్రియ పదార్థం, వేస్తే నష్టం లేదు, అంతే.

అన్నీ సరిగ్గా కలిపిన కుండీ కూడా ఏడాది తిరిగేసరికి పాడవుతుంటే దోషం నీటిది. బోరు నీటిని కాచిన గిన్నె అడుగున తెల్లటి పొర కట్టడం, గీజరు కాయిల్ రాయిలా మారడం మనకు రోజూ కనిపించేవే. ఆ తెల్లదనమే కుండీలోనూ చేరుతుంది. లీటరులో 300 మిల్లీగ్రాముల సున్నానికి సరిపడే క్షారత, అంటే పులుపును చంపే గుణం, ఉన్న నీటిని రోజుకు లీటరు చొప్పున పోస్తే ఏడాదిలో ఆ చిన్న కుండీకి 100 గ్రాములకు పైగా సున్నం వేసినట్టే. మట్టి మిశ్రమం మీద మనం పెట్టిన శ్రమనంతా కుళాయి మెల్లగా తుడిచేస్తుంది. కృష్ణా నది నీరు బోరు నీటికన్నా నయమే గానీ అదీ పుల్లటిది కాదు.

నిమ్మ ఉప్పో వెనిగరో కలిపి నీటిని సరిచేయవచ్చు కదా అంటే, సరిచేయవచ్చు, కొద్ది రోజులకు. ఇవి సేంద్రియ ఆమ్లాలు; మట్టిలోని సూక్ష్మజీవులు వాటిని తినేస్తాయి, తిన్న తరువాత మనం పోగొట్టామనుకున్న క్షారత తిరిగి వస్తుంది. గంధకామ్లం, నత్రికామ్లం వంటివి శాశ్వతంగా పని చేస్తాయి గానీ అవి పిల్లలు తిరిగే ఇంట్లో ఉంచుకోదగినవి కావు. నీటిని శుద్ధిచేసే యంత్రం బయటికి వదిలే వృథా నీరు మొక్కలకు వాడటం మంచి పొదుపు అని చాలామంది అనుకుంటారు. కెమెలియాకు మాత్రం ఆ నీటి చుక్క తగలకూడదు, ఎందుకంటే అందులో లవణాలన్నీ చిక్కబడి ఉంటాయి.

అయితే మన ఊరి వేసవే ఈ సమస్యకు ఒక పరిష్కారాన్ని తెచ్చిపెట్టింది. ఏసీ గొట్టం నుంచి కారే నీరు గాలిలోని తేమ చల్లబడి నీరుగా మారగా వచ్చినది, అందులో సున్నం ఉండదు. కోస్తా ఉక్కపోతలో రాత్రంతా నడిచిన ఏసీ ఒక్కో గదికి కొన్ని లీటర్లు ఇస్తుంది. మొక్కకు నీరు ఎక్కువ కావలసిన నెలల్లోనే ఏసీ ఎక్కువగా నడవడం కూడా కలిసివచ్చిన సంగతి. మిగతా కాలానికి వాననీరు ఉంది. ఏడాదికి రమారమి 1000 మిల్లీమీటర్ల వాన పడే మన ప్రాంతంలో వంద చదరపు అడుగుల డాబా భాగం మీద పడే నీరు 9000 లీటర్లకు పైమాటే. ఒక కెమెలియాకు ఏడాదికి కావలసింది అందులో పాతికో వంతు కూడా కాదు. రెండు డ్రమ్ములు చాలు. మూత మీద పాత పంచె కట్టి బిగించడం మరవకూడదు, లేకపోతే కెమెలియాతో పాటు డెంగీ దోమలనూ పెంచినవారమవుతాము.

ఈలోగా ఆకులు పాలిపోతే ఏం చేయాలన్న ప్రశ్నకు మన వేరుశెనగ రైతులకు తెలిసిన మందే మొదటి మందు. లీటరు నీటికి ఐదు గ్రాముల అన్నభేది (ఐరన్ సల్ఫేటు), ఒక గ్రాము నిమ్మ ఉప్పు కలిపి చల్లపొద్దున పిచికారీ చేస్తారు. కెమెలియాకు అందులో సగం మోతాదుతో మొదలుపెట్టాలి. దాని ఆకు మైనం పూసినట్టు ఉంటుంది కనుక లోపలికి ఇంకేది తక్కువే. వేళ్లకు ఇవ్వాలంటే చీలేటెడ్ ఐరన్, అంటే మట్టిలో తాళం పడకుండా మరో పదార్థం పట్టి ఉంచిన ఇనుము, కొనాలి. ఇక్కడ కొట్టులో అడగవలసిన ప్రశ్న ఒకటి ఉంది. సులువుగా దొరికే ఇ.డి.టి.ఎ. రకం ఉదజని సూచిక ఆరున్నర దాటిన మట్టిలో ఇనుమును పట్టి ఉంచలేదు, అంటే మనకు అవసరమైన చోటే అది చేతులెత్తేస్తుంది. సున్నపు నేలలో పనికివచ్చేది ఇ.డి.డి.హెచ్.ఎ. రకం. నీటిలో కలిపితే ముదురు ఎరుపు రంగు వచ్చేది అదే. ధర ఎక్కువే గానీ ఒక్క మొక్కకు ఏడాదికి పట్టేది చెంచాల్లో లెక్క.

ఎరువు విషయంలో గుంటూరువారికి ఒక అదృష్టం ఉంది. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో కెమెలియా పెంచేవారు తరతరాలుగా వేసేది పత్తిగింజల పిండి. మెల్లగా కరుగుతుంది, కొద్దిగా పులుపు వైపు మొగ్గుతుంది, వేళ్లను కాల్చదు. మన దగ్గర గేదెలకు పెట్టే పత్తిచెక్క అదే కోవకు చెందినది. పొడి చేసి, చిగుళ్లు వచ్చే కాలంలో రెండు నెలలకొకసారి కుండీకి గుప్పెడుకు మించకుండా వేసి పైన ఆకుచెత్త కప్పితే చాలు. తెలకపిండికి అలవాటు పడినవారు దాన్నైనా వేయవచ్చు, చీమలతో పేచీ లేకపోతే. వేసవి నాలుగు నెలలూ ఏ ఎరువూ వద్దు.

ఇక వేసవి రాత్రి. మొక్క పగలు ఆహారం తయారు చేసుకుంటుంది, రాత్రింబవళ్లు శ్వాసిస్తూ దానిని ఖర్చు పెడుతుంది. వేడి పెరిగినకొద్దీ ఖర్చు పెరుగుతుంది. తేయాకు మీద జరిగిన పరిశోధనల ప్రకారం ఆకు ఉష్ణోగ్రత 35 డిగ్రీలు దాటితే ఆహార తయారీ దెబ్బతింటుంది. మన మే నెలలో పగలు సంపాదన ఆగిపోతుంది, రాత్రి ఖర్చు మాత్రం ఆగదు. నిలువ తరిగిపోతూ జూన్ నాటికి మొక్క అప్పుల పాలవుతుంది. తొలకరి పడ్డాక, ఇక గండం గడిచిందనుకున్న సమయంలో, ఒక కొమ్మ హఠాత్తుగా ఎండిపోవడం అందుకే. దీన్ని పూర్తిగా ఆపలేము గానీ వేళ్లనైనా చల్లగా ఉంచవచ్చు. డాబా మీద నల్ల ప్లాస్టిక్ కుండీ మధ్యాహ్నం ముట్టుకోలేనంత కాలుతుంది. వేళ్లు ఉండేది ఆ గోడను అంటుకునే. మట్టి కుండీని దానికన్నా పెద్ద మట్టి కుండీలో దించి, నడుమ ఇసుక నింపి, ఆ ఇసుకను తడుపుతూ ఉండాలి. చలివేంద్రంలో ఇసుక మీద కుండ పెట్టే ఉపాయమే ఇది. చుట్టూ ఇసుకకు మామూలు కుళాయి నీరు సరిపోతుందని అనిపిస్తుంది, కానీ మట్టి కుండీ గోడ గుండా ఆ నీరు లోపలికీ ఊరుతుంది. అందుకని లోపలి కుండీకి వెలుపలి వైపు పెయింటు వేసుకోవడం మంచిది. స్థలం విషయంలో ఉత్తరపు గోడ పక్కన, లేదా ఉదయపు ఎండ మాత్రమే తగిలే తూర్పు వసారా మేలు. పడమటి ఎండ గంట కూడా పనికిరాదు. వేసవిలో 75 శాతం నీడనిచ్చే షేడ్ నెట్ కట్టాలి. వేప, కానుగ చెట్ల నీడ దొరికితే నెట్ కన్నా అదే చల్లన. పొడిగాలికి ఎర్రనల్లి వస్తుంది, ఆకు అడుగున నీరు చిమ్మి కడిగితే పోతుంది. పిండినల్లికి వేపనూనె చాలు.

కొనేటప్పుడు జాగ్రత్త గురించి రెండు మాటలు. మైదాన ప్రాంతపు నర్సరీల్లో కెమెలియా పేరుతో ముద్ద నందివర్ధనమో, గార్డేనియానో అంటగట్టడం నేను స్వయంగా చూశాను. ఒకచోట నాకూ అంటగట్టారు. పూలు లేనప్పుడు కూడా తేడా పట్టవచ్చు. కెమెలియా ఆకులు కొమ్మకు ఒకటి విడిచి ఒకటి వస్తాయి, దళసరిగా మెరుస్తూ, అంచున సన్నని రంపపు పళ్లతో ఉంటాయి. నందివర్ధనం, గార్డేనియాల ఆకులు ఎదురెదురుగా వస్తాయి, అంచు నునుపు. నందివర్ధనం ఆకు తుంచితే పాలు కారతాయి. ఆన్‌లైన్‌లో అమ్మే కెమెలియా విత్తనాల పొట్లాలను, ముఖ్యంగా నీలి పూల బొమ్మ ఉన్నవాటిని, చూసి నవ్వుకుని వదిలేయాలి. నీలి కెమెలియా అనేది లేదు. ఎండిన విత్తనం త్వరగా చచ్చిపోతుంది, మొలిచినా తల్లి పోలిక రాదు, పూయడానికి ఐదారేళ్లు పడుతుంది. మరొక సంగతి కూడా ముందే తెలుసుకుంటే నిరాశ తగ్గుతుంది. జపోనికా పూలలో అత్యధిక రకాలకు వాసన ఉండదు. మల్లెలకు, సింహాచలం సంపెంగలకు అలవాటు పడిన ఇంట్లో ఇంత శ్రమపడి పెంచిన పువ్వును మా అమ్మ ముక్కు దగ్గర పెట్టుకుని "కాగితం పువ్వా?" అని అడిగినప్పుడు నా దగ్గర జవాబు లేకపోయింది.

ఇన్ని తెలిశాక కూడా పెంచాలనుకునేవారు ఏ జాతిని ఎంచుకోవాలి? నేనైతే పెద్ద పూల జపోనికాలను మన ఊళ్లకు వద్దంటాను. మొగ్గల ఆశ పెట్టి ఏటా ఏడిపించేవి అవే. ససాంక్వా జాతి శరదృతువులోనే పూస్తుంది, దాని మొగ్గకు అంత చలి అక్కరలేదు, వేరుకుళ్లును కూడా కొంత తట్టుకుంటుంది. ఒంటి రేకల చిన్న పూలు, కొన్నింటికి లేత వాసన. పూయడం ఖాయమని చెప్పలేను, జపోనికా కన్నా అవకాశం ఎక్కువ. చైనాలోని గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలో, యాంగ్‌చున్ ప్రాంతంలో 1980ల్లో గుర్తించిన కెమెలియా అజేలియా అనే జాతి వేసవిలోనే ఎర్రటి పూలు పూస్తుంది. సహజస్థలంలో అది అంతరించే దశలో ఉన్నా, దానితో సంకరం చేసిన వేసవి రకాలు అక్కడ చాలానే పుట్టుకొచ్చాయి. అవి మన నర్సరీల దాకా వస్తే ఈ వ్యాసంలో మొగ్గల గురించి రాసిన భాగం తిరగరాయవలసి ఉంటుంది. నీటి గురించి రాసినది మాత్రం అలాగే ఉంటుంది.

మన రాత్రులతో ఇప్పటికే రాజీపడిన కెమెలియా ఒకటి ఉంది, అది తేయాకు. మొదట్లో విడిపోతాయన్న దారి ఇదే. శ్రీలంకలో రత్నపుర, గాలె వైపు సముద్రమట్టానికి పెద్దగా ఎత్తులేని చోట్ల, రాత్రులు 22 డిగ్రీలకు తగ్గని తావుల్లో తేయాకు తోటలు ఉన్నాయి. దాని మొగ్గ చలి కోసం ఎదురుచూడదు. పువ్వు రూపాయి బిళ్ళకన్నా కాస్త పెద్దది, తెల్లటి రేకుల నడుమ గుత్తంగా పసుపు కేసరాలు, తలవంచి ఆకుల చాటున పూస్తుంది. అస్సాం రకమైతే వేడిని ఇంకొంచెం ఓర్చుకుంటుంది. పుల్లటి మట్టి, సున్నం లేని నీరు దానికీ తప్పవు. అందువల్ల ఏసీ నీటితో, పత్తిచెక్కతో చేయి తిరగడానికి ఒకటి రెండేళ్లు తేయాకును పెంచి చూసి, తరువాత ససాంక్వా జోలికి పోవడం ఖర్చు తక్కువ దారి. ఏది కొన్నా దసరా వెళ్లాక, మొగ్గలు లేనిదాన్ని, పన్నెండు అంగుళాలు మించని కుండీలో ఉన్నదాన్ని తెచ్చుకోవాలి. అప్పటినుంచి ఉగాది దాకా దొరికే అయిదారు నెలల్లో వేళ్లు కొత్త కుండీని పట్టుకుంటాయి, మొదటి వేసవిని అది ఖాళీ కడుపుతో ఎదుర్కోనక్కరలేదు.